బండ్లు నిండిన వర్క్‌షాపులో ఉద్యోగ భయం: విజయవాడ నుంచి ఒక కేస్ స్టడీ

విజయవాడ నుంచి గన్నవరం వెళ్లే దారిలో, ఎనికేపాడు దగ్గర ఒక కార్ల డీలర్‌షిప్ ఉంది. పేరు చెప్పను. ముందు షోరూము, వెనక సర్వీస్ వర్క్‌షాపు, పక్కన బాడీ షాపు, అన్నీ కలిపి నూట ముప్పై మంది దాకా పనిచేస్తారు. 2024 దసరా అయ్యాక యజమాని నన్ను పిలిపించి చెప్పిన సమస్య ఇది: "జీతం ఒక్క రోజు ఆలస్యం కాలేదండీ. పని కావలసినంత ఉంది. ఇన్సెంటివ్ కూడా పెట్టాం. అయినా ఎవరి మొహంలోనూ కళ లేదు, బాగుచేసి పంపిన బండ్లు తిరిగొస్తున్నాయి. వీళ్లకి ఇంకేం కావాలో కనుక్కోండి."

విజయవాడ, గుంటూరుల్లో మధ్యస్థాయి సంస్థలకు హెచ్‌ఆర్ సలహాలు ఇవ్వడం నా వృత్తి. ఆస్పత్రులు, కోల్డ్ స్టోరేజీలు, షోరూములు ఎక్కువ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న టెన్షన్ చాలాచోట్ల చూశాను, కానీ అది మామూలుగా పని తగ్గినప్పుడు వస్తుంది. ఇక్కడ బండి పెట్టడానికి జాగా లేనంత పని ఉంది, భయమూ అంతే ఉంది. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టగలిగే సంగతులు మాత్రం మార్చాను.

వరద బండ్లు, అమ్మకం పుకారు

2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు పొంగింది. తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. ఆ వెంటనే కృష్ణకు కూడా వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు నమోదైంది. టీవీల్లో బ్యారేజీనే ఎక్కువ చూపించారు గానీ, ఆ కాలనీల్లో ఇళ్లనీ బండ్లనీ ముంచింది బుడమేరే.

నీళ్లు తీశాక కార్లు టోయింగ్ బండ్ల మీద రావడం మొదలైంది. ఆవరణ నిండిపోయి సర్వీస్ రోడ్డు పక్కన కూడా నిలబెట్టారు. నీట మునిగిన కారు మామూలు సర్వీసుకొచ్చిన కారులాంటిది కాదు. ఇంజిన్లోకి నీళ్లు పోయినట్టు అనుమానం ఉంటే స్టార్ట్ చేయకూడదు, చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఆయిల్ మొత్తం తీసేయాలి. సీట్లు, కార్పెట్ ఊడదీయాలి. వైరింగ్ కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పి, శుభ్రం చేసి, ఆరబెట్టాలి. ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి చూసేదాకా కొన్ని ముట్టుకోకూడదు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో (ఇన్సూరెన్స్ పాలసీలో బండికి రాసిన విలువ) 75 శాతం దాటితే, ఇక బాగుచేయించడం దండగని బండి టోటల్ లాస్ కిందకు పోతుంది, అప్పటిదాకా చేసిన పనంతా కాగితాల గొడవగా మారుతుంది. ఓపిక కావలసిన పని ఇది. హడావుడిగా చేస్తే బండి ఆ రోజుకి కదులుతుంది, నెల తిరిగాక మొరాయిస్తుంది.

పుకారు మాత్రం వరదకు ముందే పుట్టింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక అమరావతి మాట, దాంతోపాటు హైవే పక్క స్థలాల రేట్ల మాట మళ్లీ మొదలయ్యాయి. "స్థలం అమ్మేస్తారట" అన్నది మొదటి కబురు. "హైదరాబాద్ గ్రూపు డీలర్‌షిప్ తీసుకుంటోందట, వాళ్ల మనుషుల్నే తెచ్చుకుంటారట" అన్నది రెండోది. వర్క్‌షాపులో దీనికి బోలెడు సాక్ష్యాలు దొరికాయి. ఎవరో ఇద్దరు వచ్చి టేపు పట్టుకుని ఆవరణ కొలిచారు. పాడైన ఒక లిఫ్టును బాగుచేయించకుండా నెలల తరబడి అలాగే ఉంచారు. అందరి ఆధార్ కాపీలు మళ్లీ ఒకసారి అడిగారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. నిజానికి నిప్పు ఉంది. అమ్మకం బేరం నడుస్తోంది, కానీ ఒప్పందం కుదిరేదాకా ఎవరికీ చెప్పకూడదని యజమాని కాగితం మీద సంతకం పెట్టి ఉన్నారు.

టెక్నీషియన్లలో కొందరికి ఇది కొత్త కాదు. 2017లో జనరల్ మోటార్స్ మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ బ్రాండ్ల వర్క్‌షాపుల్లో పనిచేసి ఇక్కడ చేరినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక సీనియర్ నాతో అన్నమాట: "అప్పుడు కూడా ఏం లేదు, ఏం లేదు అనే అన్నారండీ. పేపర్లో చూసి తెలుసుకున్నాం." ఒకసారి అలా తెలుసుకున్న మనిషికి యాజమాన్యం మౌనమే పెద్ద కబురు.

ఇంకోటి మర్చిపోకూడదు. హెల్పర్లలో, వాషింగ్‌లో చాలామంది సింగ్‌నగర్ వైపువాళ్లు. పగలంతా ఊళ్లోవాళ్ల కార్లలో బురద కడిగి, రాత్రి ఇంటికెళ్లి సొంత ఇంట్లో బురద కడుక్కున్నారు. గోరుచుట్టుపై రోకలిపోటు అంటే అదే.

అంతకుముందు వాడిన మందులు

నన్ను పిలవకముందే యాజమాన్యం రెండు పనులు చేసింది.

మొదటిది ఇన్సెంటివ్. ఒక్కో బండికి చేసే పని రాసే కాగితాన్ని జాబ్ కార్డు అంటారు. టెక్నీషియన్ ఎన్ని జాబ్ కార్డులు క్లోజ్ చేస్తే అంత డబ్బు. వరద బండ్లు త్వరగా బయటికి వెళ్లాలని పెట్టారు.

రెండోది మోటివేషన్ క్లాసు. ఒక ఫంక్షన్ హాల్లో పూట క్లాసు, భోజనం. వచ్చిన స్పీకరు అందరినీ లేపి నిలబెట్టి, గుండె మీద చెయ్యి వేయించి "నేను సాధిస్తాను" అని గట్టిగా మూడుసార్లు అనిపించాడు. అందరూ అన్నారు. బిర్యానీ బాగుందని కూడా అన్నారు. మర్నాడు వర్క్‌షాపులో నడిచిన మాట ఏమిటంటే, "తీసేసే ముందు కంపెనీలు ఇలాంటివే పెడతాయి." ఆ స్పీకరు మీద నాకేం కోపం లేదు. రేపటి సంగతి తెలియక ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషిని ఇంకా కష్టపడమని హుషారు చేస్తే వాడికి వినబడేది వేరే.

అడిగితే నోరు విప్పరు

ఉద్యోగ భయాన్ని కొలవడానికి బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ డి విట్టె తయారుచేసిన నాలుగు వాక్యాల పట్టిక బాగా వాడుకలో ఉంది. త్వరలో నా ఉద్యోగం పోవచ్చు, ఇది నాకు ఉంటుందన్న నమ్మకం ఉంది, నా ఉద్యోగ భవిష్యత్తు గురించి బెంగగా ఉంది, ఇలా. ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేయాలి. దాన్ని తెలుగులో రాసి, పేర్లు లేకుండా ఇచ్చాం. దాదాపు అందరూ నాలుగింటికీ మధ్య గడిలో టిక్కు పెట్టారు. ఉంటుందన్నదానికీ మూడే, పోతుందన్నదానికీ మూడే. గోడలకు చెవులుంటాయని నమ్మేచోట కాగితం కూడా గూఢచారే కదా. ఇలా అందరూ ఒకే గీత మీద ఉండటాన్ని నేను సమాధానంగానే తీసుకుంటాను: ఇక్కడ నిజం చెప్పడం క్షేమం కాదనుకుంటున్నారు.

కాబట్టి మనుషుల్ని అడగడం తగ్గించి రికార్డులు చూశాను. హాజరు, సెలవులు, జాబ్ కార్డులు, తిరిగొచ్చిన బండ్లు, హెల్పర్ల శిక్షణ రిజిస్టరు. వర్క్‌షాపు ఎదుట టీకొట్టు దగ్గర చెప్పుకునే కబుర్లు కూడా విన్నాను. యాజమాన్యం తరఫు మనిషినని తెలిసీ అక్కడ మాట్లాడారు. బహుశా అది యాజమాన్యానికి చేరాలనే మాట్లాడి ఉంటారు.

రికార్డుల్లో మొదట కనబడేది మేనేజర్లను సంతోషపెట్టే సంగతి. సెప్టెంబరు నుంచి హాజరు పెరిగింది. సెలవులు తగ్గాయి. జాబ్ కార్డులు అంతకుముందు ఎన్నడూ లేనంత వేగంగా క్లోజ్ అయ్యాయి. వర్క్స్ మేనేజరు ఆ గ్రాఫు గోడకు పెట్టుకున్నారు కూడా. కాస్త వివరంగా చూస్తే, జ్వరంతో వచ్చినవాళ్లున్నారు, ఇల్లు మునిగినా మూడో రోజుకే పనిలోకి దిగినవాళ్లున్నారు. సెలవు పెడితే లిస్టులో మన పేరు ముందుంటుందన్న భయంతో వచ్చిన హాజరు అది.

కస్టమర్లతో మాట్లాడి బండి తీసుకునే సర్వీస్ అడ్వైజర్ల దగ్గర వేరే లక్షణం కనబడింది. కస్టమర్ల నంబర్లు కంపెనీ సిస్టంలో ఉంటాయి. కొన్నాళ్లుగా అడ్వైజర్లు వాటిని సొంత ఫోన్లలో సేవ్ చేసుకుంటున్నారు, పండక్కి సొంత నంబరు నుంచే వాట్సాప్ శుభాకాంక్షలు పంపుతున్నారు. రేపు ఇంకో షోరూముకి మారితే పట్టుకెళ్లే ఆస్తి అదే. ఇది దొంగతనమని సేల్స్ హెడ్ మండిపడ్డారు. నాకైతే అందులో తప్పుకంటే ఎక్కువగా కనబడింది తట్టాబుట్టా సర్దుకుంటున్న మనిషి.

డ్రైవర్ సీటు కింద చిలుము

ఈ కేసులో అసలు సంగతి ఒక బండి దగ్గర దొరికింది.

వరదలో మునిగిన ఒక హ్యాచ్‌బ్యాక్. బాగుచేసి, కడిగి, పాలిష్ పట్టి ఇచ్చారు. అయిదు వారాలకు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరడం లేదని తిరిగొచ్చింది. సీటు విప్పితే కింద పసుపు రంగు కనెక్టరులో పిన్నుల చుట్టూ ఆకుపచ్చ చిలుము. ఇలాంటిది ఒక్క రోజులో పట్టదు. మొదటిసారి సీటు విప్పినప్పుడే తడి ఉండి ఉండాలి. జాబ్ కార్డు తీసి చూస్తే "సీట్లు తీసి శుభ్రం చేయడమైనది" అని ఉంది, కనెక్టరు గురించి ఒక్క అక్షరం లేదు.

ఆ పని చేసింది పదకొండేళ్ల సర్వీసున్న టెక్నీషియన్. మంచి పనితనం ఉన్నవాడని అందరూ చెప్పే మనిషి. ఎవరూ దండించరని ఫ్లోర్ సూపర్‌వైజరు ఎదుటే మాట ఇచ్చాక చెప్పాడు. "చూశానండీ. తడిగానే ఉంది. రాస్తే ఆ బండి నేను పనిచేసే చోటే, నా బే‌లోనే ఇంకో రోజు ఉంటుంది. పార్టు ఆర్డర్ పెట్టాలి, సర్వేయరుకి మళ్లీ చెప్పాలి, కార్డు క్లోజ్ అవ్వదు. నెలాఖర్లో ఎవడికి తక్కువ కార్డులున్నాయో లిస్టు తీస్తారు. ఆ లిస్టు దేనికి పనికొస్తుందో మాకు తెలీదా?"

పక్కనే ఉన్న హెల్పరు కుర్రాడు అందుకున్నాడు. "అన్న ఇదివరకు నన్ను పిలిచి చూపించేవాడు సార్, ఇదిగో ఇలా ఉంటే ఇలా చెయ్యాలిరా అని. ఇప్పుడు పిలవట్లేదు."

నేను శిక్షణ రిజిస్టరు చూసింది ఈ మాట కోసమే. హెల్పర్లకు సీనియర్లు పని నేర్పినట్టు సంతకాలు పెట్టే కాలమ్ సెప్టెంబరు నుంచి ఖాళీగా ఉంది. పని ఒత్తిడి ఒక కారణం. రెండో కారణం టీకొట్టు దగ్గర తెలిసింది: తక్కువ జీతానికి వచ్చే కుర్రాడికి పని వచ్చేస్తే ఎక్కువ జీతం తీసుకునేవాడి అవసరం ఏముంటుంది?

ఇన్సెంటివ్, భయం రెండూ విడివిడిగా ఉంటే ఇంత నష్టం చేసేవి కావని నా అంచనా. ఉద్యోగం నిలకడగా ఉన్నచోట కార్డుల లెక్కన డబ్బిస్తే కొంత కక్కుర్తి పెరుగుతుంది, సూపర్‌వైజరు సర్దుకుంటాడు. ఇక్కడ ఆ లెక్కే ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్న లిస్టుగా కనబడింది. యాజమాన్యం అలా అనుకోలేదు, కానీ అనుకోలేదని ఎవరికీ చెప్పనూ లేదు. దాంతో సులువు బండ్ల కోసం సీనియర్లు పోటీపడ్డారు. వైరింగ్ గొడవ ఉన్న బండ్లు చేతులు మారుతూ తిరిగాయి. తప్పు కనబడితే రాయడం, పక్కవాడికి చెప్పడం, జూనియరుకు చూపించడం, ఈ మూడూ ఆగిపోయాయి. ఇవేవీ కార్డుల గ్రాఫులో కనబడవు.

2002లో స్వీడన్‌కు చెందిన మాగ్నస్ స్వెర్కె బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసింది. ఉద్యోగ భయానికి, ఉద్యోగ సంతృప్తికి సంబంధం గట్టిగా కనబడింది, పనితీరుతో సంబంధం బలహీనంగా కనబడింది. దీన్ని చూపించి "చూశారా, భయంతో పనికి నష్టం లేదు" అనేవాళ్లున్నారు. పనితీరు అని దేన్ని కొలిచారో కూడా అడగాలి. కార్డులు కొలిస్తే ఈ వర్క్‌షాపు బ్రహ్మాండం. సీటు కింద చిలుము గురించి రాశారా అని కొలిస్తే వేరే లెక్క.

"భయం ఉంటేనే పని జరుగుతుంది"

ఇది యజమాని నమ్మకం. ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న మనిషి, పిసినారి కాదు, పనివాళ్ల ఇళ్లల్లో పెళ్లిళ్లకు వెళ్తారు. "ఉద్యోగం శాశ్వతం అనుకుంటే గవర్నమెంటు ఆఫీసు అయిపోతుందండీ" అన్నారు. ఈ మాటను కొట్టిపారేయను. భయం వల్ల మనుషులు వేళకు వస్తారు, చెప్పిన పని చేస్తారు. చెప్పని పని మాత్రం చేయరు, వర్క్‌షాపులో నాణ్యత ఎక్కువగా ఆ చెప్పని పనిలోనే ఉంటుంది. ఆయన ముందు కార్డుల గ్రాఫు, తిరిగొచ్చిన బండ్ల లిస్టు పక్కపక్కన పెట్టాను. తిరిగొచ్చిన బండికి లేబర్ ఛార్జీ రాదు, బే ఆక్రమిస్తుంది, కస్టమరు గూగుల్‌లో రాసేది అదనం. లెక్కల మనిషి కాబట్టి అది వెంటనే తలకెక్కింది.

రెండో అపోహ మేనేజర్లది. "వీళ్లకి భయమేంటి సార్, ఆటోనగర్ పక్కనే ఉంది, రేపు పొద్దున్నే పని దొరుకుతుంది" అన్నారు. నిజమే, జవహర్ ఆటోనగర్ ఉన్న ఊళ్లో చెయ్యి తిరిగిన మెకానిక్ పస్తులుండడు. వాళ్ల భయం ఆకలి గురించి కాదు. ఆటోనగర్ గ్యారేజీలో పీఎఫ్ ఉండకపోవచ్చు. గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళ్లే కార్డు ఉండకపోవచ్చు. జీతం స్లిప్పు ఉండకపోతే ఇంటి లోను రాదు, ఉన్న లోనుకు బ్యాంకువాడు ముఖం చిట్లిస్తాడు. కంపెనీ ఇచ్చిన ట్రైనింగ్ లెవెల్ సర్టిఫికెట్ వేరే బ్రాండులో చెల్లదు. పదేళ్లు కష్టపడి "సీనియర్" అనిపించుకున్నవాడు మళ్లీ కొత్తవాడవుతాడు. ఉద్యోగ భయం గురించి 1984లో గ్రీన్‌హాల్, రోజెన్‌బ్లాట్ రాసినప్పుడే ఈ రెండు సంగతులూ ఉన్నాయి: ఉద్యోగం మొత్తం పోవడమే కాదు, అందులో మనకు విలువైనవి పోతాయన్నదీ భయమే. ఆ నష్టాన్ని ఆపే శక్తి మన చేతిలో లేదనిపించడం దాన్ని రెట్టింపు చేస్తుంది.

సంతృప్తి సంగతికొస్తే, జీతం గురించి ఫిర్యాదు చేసినవాళ్లు తక్కువ. "ఎవరూ ఏమీ చెప్పట్లేదు" అన్నవాళ్లే ఎక్కువ. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ఉద్యోగ భద్రతను, జీతాన్ని ఒక వరసలో పెట్టి, ఇవి లేకపోతే అసంతృప్తి వస్తుంది, ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు అన్నాడు. ఉత్సాహం పనిలోంచి, గుర్తింపులోంచి, ఎదుగుదలలోంచి వస్తుందన్నాడు. ఆ సిద్ధాంతం మీద విమర్శలు చాలా ఉన్నాయి, జీతాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టడం మన ఊళ్లలో కుదరదని నేనూ అంటాను. అయినా ఈ వర్క్‌షాపును అర్థం చేసుకోవడానికి అది పనికొచ్చింది. యాజమాన్యం పైఅంతస్తుకు రంగులు వేస్తోంది, పునాదిలో నీళ్లు చేరాయి.

ఏం మార్చాం

మొదట యజమానితో కూర్చుని ఒక్క పని చేశాం. చెప్పకూడనిది ఏది, చెప్పగలిగినది ఏది అని వేరుచేశాం. కొనే సంస్థ పేరు, ధర చెప్పకూడదు. బేరం నడుస్తోందన్న మాట అప్పటికే వీధిలో ఉంది. కొనేవాళ్ల లాయరుతో మాట్లాడి, "యాజమాన్యంలో మార్పు గురించి చర్చలు జరుగుతున్నాయి" అన్నంతవరకు చెప్పడానికి అనుమతి తెచ్చుకున్నారు. దానికే పది రోజులు పట్టింది.

నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టాం. మాకు తెలిసింది, ఇంకా తేలనిది, ఎప్పటికి తేలుతుంది, అని మూడు భాగాలు. ప్రతి శనివారం సాయంత్రం దాన్ని మారుస్తారు. కొత్త సంగతి లేకపోతే "ఈ వారం మార్పు లేదు" అని తేదీ వేసి రాస్తారు. ఆ ఒక్క ముక్క రాయడానికి మేనేజర్లు సిగ్గుపడ్డారు, ఏమీ లేనిదానికి నోటీసెందుకని. టీకొట్టు దగ్గర దాని విలువ తెలిసింది. శనివారం కాగితం చూసి వచ్చినవాడు "ఈ వారం ఏం లేదంట" అంటే చర్చ అక్కడితో ఆగేది.

రెండోది చట్టం. అప్పుడు అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ సెక్షన్ సరిగ్గా ఇలాంటి చేతులు మారే సందర్భం కోసమే ఉంది. ఏడాది నిరంతర సర్వీసున్న వర్క్‌మన్‌కు యాజమాన్యం మారినప్పుడు నోటీసు, నష్టపరిహారం ఇవ్వాలి. అలా ఇవ్వనక్కర్లేదంటే మూడు షరతులు కుదరాలి: సర్వీసు తెగకూడదు, కొత్త చోట షరతులు మునుపటికంటే తక్కువగా ఉండకూడదు, రేపు తీసేయాల్సి వస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇస్తానని కొత్త యజమాని కట్టుబడాలి. ఈ మూడూ అమ్మకం ఒప్పందంలో రాయించమని గట్టిగా చెప్పాను. యజమాని తరఫు ఆడిటరుకు ఇది అదనపు తలనొప్పిగా అనిపించింది. పరిహారం మొత్తం లెక్కగట్టి చూపించాక ఒప్పుకున్నారు. టెక్నీషియన్లు, హెల్పర్లు చట్టంలోని వర్క్‌మన్ నిర్వచనంలోకి వస్తారు. నెలకు 10 వేలు దాటిన సూపర్‌వైజర్లు, మేనేజర్లు రారు. అడ్వైజర్ల సంగతి వాదనకు తావున్నది. వాళ్లనూ అదే పద్ధతిలో కలుపుకోవాలని కొనేవాళ్లు మాటవరసకు ఒప్పుకున్నారు గానీ కాగితం మీద రాలేదు. దీని ఫలితం తర్వాత కనబడింది.

మూడోది అందరికంటే బాగా పనిచేసింది. ప్రతి ఉద్యోగికి ఒక ఉత్తరం ఇచ్చాం: చేరిన తేదీ, పూర్తయిన సర్వీసు, పీఎఫ్‌కు ఉండే శాశ్వత నంబరు యూఏఎన్, ఈ రోజుకు లెక్కగట్టిన గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి వచ్చే మొత్తం. అప్పుడు అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఆఖరి జీతాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. చిలుము సంగతి చెప్పిన టెక్నీషియన్‌ను తీసుకుంటే, బేసిక్, డీఏ కలిపి 18 వేలు, పదకొండేళ్లు. 1,14,231 రూపాయలు. ఆ ఉత్తరాన్ని ఆయన వర్క్‌షాపులోనే రెండుసార్లు చదివాడు, ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపాడు. "ఇది మనదేనా సార్, వీళ్లు మారినా?" అన్నాడు. సర్వీసు తెగకుండా కొత్త యాజమాన్యానికి వెళ్తే లెక్క కొనసాగుతుందని చెప్పాను. చాలామందికి ఇంత ఉందని అప్పటిదాకా తెలియనే తెలియదు. పీఎఫ్ పాస్‌బుక్ ఫోనులో ఎలా చూడాలో అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి రెండు మధ్యాహ్నాలు కూర్చుని నేర్పింది. ఆవిడ చేసిన మేలు నేనిచ్చిన సలహాలన్నిటికంటే ఎక్కువని నా ఉద్దేశం.

ఇన్సెంటివ్‌ను పూర్తిగా తీసేయమనలేదు. తీసేస్తే దానికీ ఒక అర్థం వెతుకుతారు. కార్డుల లెక్క మానేసి, బే‌లో పనిచేసే జట్టు మొత్తానికి ఇచ్చేలా మార్చాం. ముప్పై రోజుల్లో తిరిగి రాని బండ్లకే లెక్క, హెల్పరుకూ వాటా ఉంటుంది. అదనపు లోపం కనిపెట్టి కార్డులో రాస్తే, దానికి పట్టిన సమయాన్ని పనిగంటల్లో కలుపుతారు. నెలాఖరు లిస్టు గోడ మీంచి తీసేశారు. వర్క్స్ మేనేజరు కొన్ని రోజులు అలిగారు.

ఏమైంది

అమ్మకం 2025 మార్చిలో పూర్తయింది. టెక్నీషియన్లలో ఎవరినీ తీసేయలేదు.

తిరిగొచ్చే బండ్లు జనవరి నుంచి తగ్గాయి. ఇదంతా మా ఘనతే అనలేను, అప్పటికి వరద బండ్లు కూడా తగ్గాయి, సులువు బండ్లు తప్పు తక్కువ చేయిస్తాయి. ఘనత చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, జాబ్ కార్డుల్లో "అదనంగా గమనించినవి" అన్న గడి నిండటం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ గడి దాదాపు ఖాళీ. ఫిబ్రవరికి వచ్చేసరికి సగం కార్డుల్లో ఏదో ఒకటి రాసి ఉంది. కొన్ని చాదస్తంగా కూడా ఉన్నాయి, వైపరు బ్లేడు పాతబడిందని రాసినవి. ఫరవాలేదు. శిక్షణ రిజిస్టరులో సంతకాలు మళ్లీ మొదలయ్యాయి.

అదే నాలుగు వాక్యాల పట్టిక మార్చిలో మళ్లీ ఇచ్చాం. ఈసారి అందరూ మూడు దగ్గర నిలబడలేదు, కొందరు భయం ఎక్కువే ఉందని నిజాయితీగా అయిదు పెట్టారు. నేను దాన్ని మంచి సూచనగానే చూస్తాను. సంతృప్తి టెక్నీషియన్లలో పెరిగింది, అడ్వైజర్లలో పెద్దగా కదల్లేదు. కాగితం దొరికినవాళ్లకు, మాట మాత్రమే దొరికినవాళ్లకు తేడా అక్కడ తెలిసింది. మంచి పేరున్న అడ్వైజర్లు ఇద్దరు వేసవిలోగా వేరే షోరూములకు వెళ్లిపోయారు, కస్టమర్ల నంబర్లతో సహా.

ఇంకో సీనియర్ టెక్నీషియన్ అమ్మకం అయ్యాక, అన్నీ కుదుటపడ్డాక మానేసి ఆటోనగర్లో సొంత గ్యారేజీ పెట్టుకున్నాడు. నన్ను పిలిపించిన యజమాని దీన్ని నా ఓటమిగా చూపబోయారు. భయపడి పారిపోవడం వేరు, గ్రాట్యుటీ చేతికి తీసుకుని సొంతంగా నిలబడటం వేరు. సంతృప్తికి, పనితీరుకు మధ్య సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2001లో టిమొతీ జడ్జ్ బృందం పాత పరిశోధనలన్నీ కలిపి తేల్చిన సహసంబంధం సుమారు 0.30 (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే అది 1). సంతోషంగా ఉన్న ప్రతివాడూ బాగా పనిచేయడు, బాగా పనిచేసే ప్రతివాడూ మన దగ్గరే ఉండడు.

తేలని సమస్య వాషింగ్ వాళ్లది. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, డీలర్‌షిప్ ఉద్యోగులు కారు. ఉత్తరాలు వాళ్లకు ఇవ్వలేదు, ఇన్సెంటివ్ జట్టులో వాళ్ల పేర్లు లేవు. శనివారం కాగితం మాత్రం వాళ్లూ చదివారు, అందులో తమ గురించి ఏమీ లేదని గమనించారు. మార్చి పట్టికలో భయం పెరిగింది వాళ్ల దగ్గరే. కొత్త యాజమాన్యం వచ్చిన నెలకే కాంట్రాక్టరు మారాడు, సగం మంది కొత్తవాళ్లు వచ్చారు. పాతవాళ్ల పీఎఫ్ కొత్త కాంట్రాక్టరు దగ్గర కొనసాగిందో లేదో ప్రధాన యజమానిగా డీలర్‌షిప్పే చూసుకోవాలని రాతపూర్వకంగా ఇచ్చాను. కొత్త యాజమాన్యం హైదరాబాద్ ఆఫీసు దాన్ని లీగల్ విభాగానికి పంపింది. ఈలోగా వర్క్స్ మేనేజరు తనంతట తానే వాళ్ల యూఏఎన్ నంబర్లు ఒక నోట్‌బుక్కులో రాయించి పెట్టుకుంటున్నారు.